కొబ్బరి నీళ్ల ప్రశ్న బిట్లలో లేదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక చదువు పేజీలో నీట్ అభ్యర్థుల కోసం విసర్జన వ్యవస్థ మీద ఇటీవల ప్రచురించిన మాదిరి ప్రశ్నలను ఒకటికి రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 30 ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, పొద్దున్నే పత్రిక రాగానే ముందుగా ఆ పేజీ తెరిచే అలవాటు నాకింకా పోలేదు. ప్రశ్నల్లో తప్పులేమీ లేవు. మూత్రపిండ నాళికలో వంపు తిరిగిన భాగమైన హెన్లీ శిక్యంలో ఏ చోటు నీటిని బయటికి పోనివ్వదు, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది, మూత్రాన్ని చిక్కబరిచే ఏడీహెచ్ హార్మోను ఎక్కడ తయారవుతుంది, రెనిన్‌ను స్రవించే కణాలు ఏవి అనేవన్నీ పాఠ్యపుస్తకానికి కట్టుబడిన ప్రశ్నలే, ఇచ్చిన జవాబులూ సరైనవే. అయినా ఆ పేజీ మూసిన తర్వాత నాకు మనసు నిలవలేదు. ఆ 25 బిట్లకూ తడుముకోకుండా జవాబు గుర్తించగలిగిన విద్యార్థిని పిలిచి, మన శరీరం తన లోపలి పరిస్థితిని రోజంతా ఎలా నిలబెట్టుకుంటున్నదో నీ మాటల్లో చెప్పమని అడిగితే, చెప్పగలిగేవారు చాలా తక్కువమంది ఉంటారని నా అనుభవం చెబుతున్నది. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

నీట్‌లో 720 మార్కులకు 360 మార్కులు జీవశాస్త్రానివి; 180 ప్రశ్నల్లో 90 అక్కడి నుంచే వస్తాయి. అయితే శరీరపు లోపలి సమతుల్యం అనే పేరుతో ఒక పాఠం అంటూ విడిగా లేదు. శ్వాసక్రియ, శరీర ద్రవాలు, విసర్జన, నాడీ నియంత్రణ, రసాయన సమన్వయం అనే 5 పాఠాల్లో ఆ విషయం చెల్లాచెదురుగా పరుచుకొని ఉంది. కోచింగ్ ఇచ్చే చోట ఒక్కో పాఠాన్ని ఒక్కో అధ్యాపకుడు చెప్పడం, ఒక్కో పాఠానికి ఒక్కో మెటీరియల్ పుస్తకం ఇవ్వడం, వారాంతంలో ఆ పాఠం వరకే పరీక్ష పెట్టడం మామూలు. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్‌కూ, అధివృక్క గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్‌కూ, మూత్రపిండానికీ, గుండె కొట్టుకోవడానికీ సంబంధం ఏమిటని ఒక పిల్లవాడు అడిగితే, అది ఏ పాఠం కిందికి వస్తుందో తేలక ఆ ప్రశ్నను పక్కన పెట్టేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే పక్కన పెట్టాను. ఆ పని మాన్పించింది ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న.

సుమారు 20 ఏళ్ల కిందట ఉద్దానం వైపు ఒక కళాశాలలో పనిచేస్తున్నప్పటి మాట ఇది. కొబ్బరి తోటల మధ్య ఊరి నుంచి సైకిలు మీద వచ్చే కుర్రాడొకడు, విసర్జన పాఠం ముగించిన రోజు అందరూ వెళ్లిపోయేదాకా బెంచీ దగ్గరే నిలబడి, "మేడం, మా నాన్నకి డయాలసిస్ చేస్తున్నారు. కొబ్బరి నీళ్లు చుక్క కూడా ఇవ్వొద్దన్నారు. మా ఇంట్లో జ్వరం వచ్చినా, వాంతులైనా మొదట ఇచ్చేది అవే కదా. మంచి నీళ్లలాంటివి ఎందుకు వద్దంటారు?" అని అడిగాడు. వాళ్ల నాన్న పలాస స్టేషన్‌లో రైలెక్కి వారంలో ఎన్నోసార్లు విశాఖపట్నం వెళ్లి వస్తుండేవారు. అప్పటికి మన జిల్లాలో ఆ వసతి ఇప్పటిలా లేదు. అప్పటికే నేను ఆ పాఠాన్ని 15 ఏళ్లుగా చెబుతున్నాను, మూత్రపిండపు నిలువుకోత బొమ్మను నల్లబల్ల మీద కళ్లు మూసుకొని వేయగలను. ఆ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రేపు చెబుతానని పంపించి, ఆ రాత్రి నా డిగ్రీ నాటి పుస్తకాలన్నీ ముందేసుకొని కూర్చున్నాను.

జవాబు పొటాషియం దగ్గర ఉంది. మన శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. బయట రక్తపు ద్రవంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు మాత్రమే ఉండాలి. లోపల ఎక్కువ, బయట తక్కువ అనే ఈ తేడా వల్లనే నాడీ కణానికీ కండర కణానికీ విద్యుత్ ప్రేరణను పుట్టించే శక్తి వస్తుంది. బయట పొటాషియం పెరిగితే ఆ తేడా తగ్గిపోతుంది, గుండె కండరం లయ తప్పుతుంది, మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు కూడా. ఒక లేత బొండంలోని నీళ్లలో వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు, పైగా మేలే. ఎందుకు కాదో తెలుసుకోవడంలోనే అసలు పాఠం ఉంది. పేగుల నుంచి రక్తంలోకి వచ్చిన పొటాషియంలో చాలా భాగాన్ని ఇన్సులిన్ కొద్దిసేపట్లోనే కణాల లోపలికి తోసి తాత్కాలికంగా దాచిపెడుతుంది. రక్తంలో పెరిగిన పొటాషియమే అధివృక్క గ్రంథి వల్కలాన్ని నేరుగా ప్రేరేపించి ఆల్డోస్టిరోన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను మూత్రపిండంలోని నాళికల చివరి భాగాలకు చేరి, సోడియాన్ని వెనక్కి తీసుకుంటూ పొటాషియాన్ని మూత్రంలోకి పంపే పనిని పెంచుతుంది. కొన్ని గంటల్లో లెక్క సరిపోతుంది. మనం తిన్న పొటాషియంలో దాదాపు 90 శాతాన్ని బయటికి పంపేది మూత్రపిండమే కాబట్టి, అది పనిచేయని మనిషికి ఈ దారి మూసుకుపోయినట్టే. దాచుకొనే చోటు కొంత ఉన్నా, పారబోసే చోటు లేదు. అందుకే కొబ్బరి చెట్ల కిందే పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరి నీళ్లు నిషిద్ధమయ్యాయి.

మర్నాడు ఈ సంగతి ఆ కుర్రాడికి ఒక్కడికే చెబుదామనుకొని, ఆఖరికి తరగతి మొత్తానికీ చెప్పాను. ఆ తరగతిలో ఇంట్లోనో, ఇరుగుపొరుగునో మూత్రపిండాల జబ్బుతో బాధపడే మనిషి లేని పిల్లలు అతి కొద్దిమంది. అంత నిశ్శబ్దంగా, అంత శ్రద్ధగా వాళ్లు నా పాఠం వినడం అంతకుముందు నేను చూడలేదు. డయాలసిస్ అంటే ఏమిటని అడిగారు. రక్తాన్ని శరీరం బయటికి తెచ్చి, సన్నటి పొరకు అటువైపు రక్తమూ ఇటువైపు ప్లాస్మాను పోలిన ద్రవమూ ఉంచి, యూరియా వంటి వ్యర్థాలు గాఢత తక్కువగా ఉన్న ద్రవంలోకి వెళ్లిపోయేట్టు చేయడమని చెప్పాను. మరి వారానికి 3 సార్లు, సారికి సుమారు 4 గంటలు చేస్తే సరిపోతుందా అని ఒక అమ్మాయి అడిగింది. లెక్క వేయమన్నాను. మూత్రపిండం వారంలోని 168 గంటలూ పనిచేస్తుంది, యంత్రం 12 గంటలు. మిగిలిన 156 గంటల పాటు తాగిన ప్రతి గ్లాసు నీటికీ, తిన్న ప్రతి అరటిపండుకూ ఆ మనిషే లెక్క చూసుకోవలసి ఉంటుందని వాళ్లంతట వాళ్లే చెప్పారు. నా ఉద్యోగ జీవితంలో నేను సరిగ్గా చెప్పగలిగిన మొదటి పాఠంగా దానినే తలచుకుంటాను.

ఆ తర్వాత నేను ఈ విషయాన్ని చెప్పే పద్ధతి మారింది. శరీరం చుట్టూ ఉన్న ప్రపంచం ఎంత మారినా, కణాలను తడిపి ఉంచే లోపలి ద్రవం మాత్రం మారకుండా ఉండటమే స్వేచ్ఛగా బతకడానికి ఆధారమని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ గుర్తించారు. ఆ స్థితికి హోమియోస్టాసిస్ అన్న పేరును 1926లో అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ పెట్టారు. మనం దీనిని సమస్థితి అని పిలుస్తున్నాం. మాట బాగానే ఉంది, కానీ పిల్లలకు అందులోని ‘స్థితి’ వినగానే కదలకుండా నిలిచిన త్రాసు కళ్లముందు మెదులుతుంది. నేను కావిడి మోసే మనిషిని చూడమనేదాన్ని. రెండువైపులా బరువుతో ఆయన కదలకుండా నిలబడలేడు. అడుగడుగునా భుజాన్ని కొద్దిగా ఇటూ అటూ సర్దుకుంటూ, బద్ద ఊగే తీరును బట్టి నడక మార్చుకుంటూ ఉంటేనే కుండలోని నీళ్లు ఒలకవు. రక్తంలో చక్కెర, ఉప్పు, ఆమ్లం, వేడి అన్నీ అలాగే ప్రతి క్షణం కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ ఊగిసలాట హద్దు దాటకుండా చూడటమే శరీరం పని. రక్తపు పీహెచ్ 7.35కూ 7.45కూ మధ్య ఉండాలని బిట్టుగా బట్టీ పట్టినవాడికి, ఆమ్లం పెరిగినప్పుడు ఊపిరితిత్తులు నిమిషాల్లోనే ఊపిరి వేగం పెంచి కార్బన్ డయాక్సైడును బయటికి తోసేస్తాయనీ, మూత్రపిండాలు నెమ్మదిగా కొన్ని రోజులు పట్టి మిగతా పని పూర్తి చేస్తాయనీ తెలిస్తే, శ్వాసక్రియ పాఠమూ విసర్జన పాఠమూ ఒకే కావిడికి రెండు వైపుల కుండలని అర్థమవుతుంది.

ఇంకొక చిన్న సంగతి కూడా చెప్పాలి. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అనే మాట వినగానే చాలామంది పిల్లలు అదేదో చెడ్డదనుకుంటారు, పాజిటివ్ అంటే మంచిదనుకుంటారు. మార్పు ఎటు వస్తే దానికి ఎదురుగా పనిచేసి వెనక్కి తెచ్చేది మొదటిది. మార్పును మరింత ఎగదోసేది రెండోది. కాన్పు సమయంలో ఆక్సిటోసిన్ పనిచేసే తీరు తప్పిస్తే రెండోదాని అవసరం శరీరానికి బహు తక్కువ. తెలుగులో ‘సరిదిద్దే స్పందన’, ‘ఎగదోసే స్పందన’ అని పక్కనే రాసి చెప్పినప్పటి నుంచి నా తరగతిలో ఈ గందరగోళం మళ్లీ రాలేదు.

ఉద్దానం గురించి ఒక జాగ్రత్త అవసరం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎందుకు ఇంతగా ఉందో ఎన్నో అధ్యయనాలు జరిగినా, కారణం ఇదేనని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. కాబట్టి అధ్యాపకులు నీళ్లనో, మందులనో, ఎండనో చూపించి ఇదే కారణమని పిల్లలకు చెప్పకూడదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా నీటిని తెచ్చే పథకం, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ ప్రజల కష్టాన్ని కొంత తగ్గించే ప్రయత్నాలు. కారణాన్ని కనుక్కోవలసిన పని ఇంకా మిగిలే ఉంది. ఆ పని చేయబోయేవారు ఇవాళ మన జూనియర్ కళాశాలల్లో బైపీసీ చదువుతున్న పిల్లల్లోంచే రావాలని నేను మనసారా కోరుకుంటాను. క్రియాటినిన్ (రక్తంలోని ఒక వ్యర్థం, మూత్రపిండాల పనితీరుకు కొలత) అనే మాట ఆ మండలాల్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. సంతలో కలిసిన బంధువును క్షేమం అడిగినట్టుగా ‘ఎంతుంది?’ అని అడుగుతారు. అయితే మూత్రపిండాల శక్తి దాదాపు సగం తగ్గేదాకా రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చన్న సంగతి, అందుకే ఒక్క ఆ సంఖ్యను చూసి నిశ్చింతగా ఉండకూడదన్న సంగతి, నీట్‌కు చదివే పిల్లలకు కూడా తెలియదు. ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే వృక్కప్రమాణాలు సుమారు 10 లక్షలు ఉంటాయని వాళ్లు బిట్టులో గుర్తిస్తారు. అంత మిగులు సామర్థ్యం ఉండటం వల్లనే, కొన్ని పాడైనా మిగిలినవి వాటి పనిని కూడా మోస్తూ పోవడం వల్లనే, జబ్బు ఇంతకాలం బయటపడకుండా ఉండిపోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. జబ్బు ముదిరిన మనిషి ఎందుకు పాలిపోతాడు, ఎముకలు ఎందుకు బలహీనపడతాయి అని అడిగితే, ఎర్ర రక్తకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపొయటిన్ మూత్రపిండం నుంచే వస్తుందనీ, విటమిన్ డి పనికి వచ్చే రూపం దాల్చేదీ అక్కడేననీ గుర్తు చేసుకోవాలి. రక్తం పాఠం, ఎముకల పాఠం, హార్మోన్ల పాఠం అన్నీ ఒక్క మనిషి మంచం దగ్గర కలుస్తాయి.

మన జిల్లాల్లో ఇలాంటి ప్రశ్నలు అడుగడుగునా దొరుకుతాయి. నౌపడ ఉప్పుమళ్లలో మధ్యాహ్నం ఎండలో పనిచేసే మనిషికి చెమట గంటకు లీటరు దాకా పోవచ్చు. ఆ చెమటతో ఉప్పు కూడా పోతుంది. అతను గంటల తరబడి ఉత్త నీళ్లే ఎక్కువగా తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, మరీ తగ్గితే మెదడు కణాల్లోకి నీరు చేరి స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. చుట్టూ ఉప్పు కుప్పలున్న చోట ఒంట్లో ఉప్పు తగ్గడం ఎలా సాధ్యమని అడిగితే ద్రవాభిసరణం పాఠం మొత్తం అందులో వస్తుంది. భావనపాడు తీరంలో పడవ మీద చిక్కుకుపోయిన మత్స్యకారుడు దాహానికి సముద్రపు నీళ్లు ఎందుకు తాగకూడదు? సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంత ఉప్పును బయటికి పంపాలంటే మన మూత్రపిండం తాగిన నీటికి మించిన నీటిని ఖర్చు చేయవలసి ఉంటుంది కాబట్టి దాహం తీరకపోగా ఒళ్లు ఇంకా ఎండిపోతుంది. హెన్లీ శిక్యం దగ్గర గాఢత లీటరుకు 300 నుంచి 1200 మిల్లీ ఆస్మోల్స్ దాకా పెరుగుతుందని చదివిన పిల్లవాడు ఆ 1200ను మన సామర్థ్యానికి పై హద్దుగా ఎప్పుడూ ఆలోచించి ఉండడు.

ఉక్కపోత సంగతి కూడా అంతే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది; ఆవిరి కాకుండా కారిపోయిన చెమట ఆ పని చేయలేదు. సముద్రపు గాలిలో తేమ నిండిన మన తీరంలో, ఎండ అంతగా లేని రోజున కూడా ఒళ్లు అల్లాడిపోవడానికి కారణం అదే. సీతంపేట, పార్వతీపురం వైపు కొండ ఊళ్లలో చలిజ్వరం వచ్చిన మనిషి ఒళ్లు కాలిపోతున్నా రెండు దుప్పట్లు కప్పమని ఎందుకు అడుగుతాడన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. మెదడులోని హైపోథాలమస్ తాను నిలపవలసిన వేడి హద్దును తాత్కాలికంగా పైకి జరుపుకుంది. ఆ కొత్త హద్దుతో పోలిస్తే 38 డిగ్రీల ఒళ్లు కూడా చల్లగా ఉన్నట్టే లెక్క. అందుకే వణికి వేడి పుట్టిస్తుంది. మాత్ర వేసుకున్నాక హద్దు మళ్లీ కిందికి దిగుతుంది, అప్పుడు ఒళ్లంతా చెమట పడుతుంది. అంటే జ్వరంలో కూడా నియంత్రణ తప్పిపోలేదని, నియంత్రణ వేరే హద్దుకు జరిగిందని గ్రహించిన పిల్లల ముఖాలు చూడాలి.

ఓఆర్ఎస్ పొట్లం మీద రాసి ఉండే సంఖ్యలనే తీసుకోండి. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు. విరేచనాలకు నీళ్లూ ఉప్పూ చాలవా, చక్కెర ఎందుకు? చిన్న పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకొనే వాహక ప్రోటీన్ ఉంది. ఆ రెండూ లోపలికి వెళ్తే వాటి వెంట నీరు వెళ్తుంది. కలరా వచ్చినా ఆ ద్వారం చెడిపోదు. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరంలో, బంగావ్ దగ్గర, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. డాక్టర్ కావాలనుకొనే పిల్లలకు ఈ కథ చెప్పడానికి 5 నిమిషాలు పట్టదు.

ఇక ఈ ఉత్తరాన్ని వెంటనే రాయించిన విషయం. నా మనవరాలు నిరుడు ఇంటర్ పూర్తిచేసి, లాంగ్ టర్మ్ కోచింగ్ కోసం వేరే ఊళ్లో ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చేరింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల సన్నటి జ్వరంతో, మూత్రంలో మంటతో వచ్చింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ అని చెప్పి, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నావమ్మా అని అడిగారు. పిల్ల తలదించుకుంది. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక గ్లాసు. స్టడీ అవర్స్‌లో బయటికి వెళ్లాలంటే వార్డెన్‌ను అడగాలట, రెండోసారి అడిగితే అందరి ముందూ మందలింపట, అంతస్తు మొత్తానికి ఉన్న మరుగుదొడ్ల ముందు వరుస కట్టాలట. అందుకని ఆడపిల్లలు చాలామంది సాయంత్రం నుంచి నీళ్లు తాగడమే మానుకున్నారు. ఆమె నోటు పుస్తకం తెరిచి చూస్తే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు హైపోథాలమస్‌లోని గ్రాహకాలు ప్రేరేపితమై ఏడీహెచ్ ఎలా విడుదలవుతుందో, మూత్రం ఎలా చిక్కబడుతుందో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది, పక్కన బొమ్మ కూడా వేసింది. కళాశాలలో పెట్టిన గ్రాండ్ టెస్టులో విసర్జన పాఠం ప్రశ్నలన్నిటికీ ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయి. నేను ఆ పుస్తకం పట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తాను చదువుతున్నది తన గురించేనని ఆ పిల్లకు తట్టలేదు. ఎలా తడుతుంది, తట్టేలా ఎవరు చెప్పారు?

ఆ కళాశాలను పేరు పెట్టి నిందించడం నా ఉద్దేశం కాదు. ఇది ఒక్క చోటి సంగతి కూడా కాదని తోటి అధ్యాపకులు చెబుతున్నారు. ఉత్తరాంధ్ర పిల్లలు చదివే ప్రతి హాస్టలు యాజమాన్యానికీ నా విన్నపం ఒక్కటే: నీళ్లు తాగడానికీ, మూత్రవిసర్జనకు వెళ్లడానికీ అనుమతి అడగవలసిన అవసరం లేకుండా చేయండి, ఆడపిల్లల అంతస్తుల్లో మరుగుదొడ్లను పెంచండి. పరీక్ష రోజున కూడా, మే నెల ఎండలో, 180 నిమిషాల్లో ఒక్క నిమిషం వృథా కాకూడదని పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా వెళ్లే పిల్లలున్నారు. ఒంట్లో నీరు కొద్దిగా తగ్గినా ఏకాగ్రత దెబ్బతింటుంది కాబట్టి, మార్కుల లెక్కలో చూసినా అది నష్టమే. తల్లిదండ్రులు ఈ మాట ముందే చెప్పి పంపాలి.

సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలదు, కొబ్బరి నీళ్ల ముచ్చట్లకు తీరికెక్కడిదని కొందరు అధ్యాపక మిత్రులు నాతో అన్నారు. వాళ్ల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు, ర్యాంకు రాకపోతే తల్లిదండ్రులు ఎవరిని అడుగుతారో కూడా తెలుసు. అయితే ఇప్పుడు ప్రశ్నపత్రంలో రెండు వాక్యాలిచ్చి వాటి మధ్య సంబంధాన్ని అడిగే ప్రశ్నలు, జతపరచమనే ప్రశ్నలు ఎన్నో వస్తున్నాయి. విడివిడిగా బట్టీ పట్టినవాళ్లు వాటి దగ్గరే తడబడతారు, తప్పు గుర్తిస్తే ఒక మార్కు కోత కూడా. పైన చెప్పిన పొటాషియం ప్రశ్న ఒక్కటి అర్థమైతే 3 పాఠాలు గుర్తుంటాయి. పల్లెటూరి తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇది మరింత అవసరం. నీట్ రాయడానికి అనుమతించిన 13 భాషల్లో తెలుగు ఒకటైనా, మెటీరియల్ అంతా ఇంగ్లీషులోనే ఉండటం వల్ల వాళ్లు వృక్కప్రమాణాన్నీ నెఫ్రాన్‌నూ రెండు వేరు వేరు వస్తువులనుకొని తికమకపడటం నేను కళ్లారా చూశాను.

మీ పత్రికను కోరేదేమిటంటే, చదువు పేజీలో బిట్లను ఆపమనడం లేదు, అవి కావలసినవే. వారానికి ఒక రోజు, ఆ పేజీలో ఒక మూల, మన జిల్లాల జీవితంలోంచి తీసిన ఒకే ఒక్క ‘ఎందుకు’ ప్రశ్నను వేసి, దానికి పేరాగ్రాఫు జవాబును తెలుగులో, పాఠ్యపుస్తకపు మాటలనూ వాడుక మాటలనూ పక్కపక్కనే పెట్టి ప్రచురించండి. జవాబును వారం ఆగి వేస్తే పిల్లలు ఇంట్లో పెద్దలను, ఊళ్లో ఆశా కార్యకర్తను, పక్కింటి నర్సమ్మను అడిగి తెలుసుకొనే వీలుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఫిజియాలజీ చెప్పే అధ్యాపకులు నెలకు ఒకసారి జవాబులను సరిచూసి ఇవ్వడానికి ఒప్పుకుంటారనే నా నమ్మకం. డయాలసిస్ వార్డులకు విద్యార్థులను తీసుకువెళ్లాలని ఒక మిత్రుడు సూచించారు కానీ నాకది ఇష్టం లేదు. మంచం మీద ఉన్న మనిషిని పాఠంగా చూపించకూడదు. ఆ యంత్రాన్ని నడిపే టెక్నీషియన్లలో ఎవరైనా ఒక గంట కళాశాలకు వచ్చి, రక్తాన్ని శుభ్రపరిచే డయలైజర్ గొట్టాన్ని, వాడనిదాన్ని, పిల్లల చేతికిచ్చి చూపిస్తే చాలు.

మీరు అంగీకరిస్తే ప్రశ్నలు రాసే పనిని ఏ పారితోషికమూ లేకుండా నేను చేస్తాను. 10 ప్రశ్నలు ఇప్పటికే రాసి పెట్టాను, నా మనవరాలు వాటిని చదివి రెండు చోట్ల దిద్దింది కూడా. మొదటిది కొబ్బరి నీళ్లదే. మీ జవాబు రాగానే పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
శ్రీకాకుళం.